కొసరు బటన్

జూన్ 9
బోధన్. నర్సవ్వ కిరాణంలో మా బిల్లు మిషన్ ప్రింటర్ బాగుచేద్దామని పోతే అక్కడ తగువు. బెల్లం తూచింది, బిల్లు కొట్టింది, పైన చిన్న ముక్క వేసింది — కొసరు బటన్ నొక్కడం మరిచింది. సరుక్కి వచ్చిన పెద్దాయన కదలడు. "బిల్లుల కొసరు రాలే. మల్ల కొట్టు." ముక్క చేతిలోనే ఉంది కదా అంటే వినడు. కాగితం మీద రావాలట. నేనే నొక్కాను. కొసరు, బెల్లం, ధర దగ్గర ఖాళీ. మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

ఊరికే ఇచ్చే పిసరును కూడా స్టాకులోంచి తీసి బిల్లు మీద చూపించే బటన్. ఇంతే. నా ఆలోచన. బయట ఎక్కడా చెప్పుకోను గానీ ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

జూన్ 15
ఇమ్రాన్‌కు నడుం నొప్పి. మిషన్లు బండి వెనక కట్టుకుని వర్ని, రుద్రూరు, వేల్పూర్ తిరిగేది అతనే. పాలిటెక్నిక్ నుంచీ ఇద్దరం కలిసే... ప్రోగ్రాం నాది, తిరుగుడు అతనిది. ఈ నెల కొత్త దుకాణాలు బాగానే వచ్చాయి. మేం వెళ్లి అడగడం కూడా తగ్గింది. గిరాకీలే దుకాణదార్లను అడుగుతున్నారు — కొసరు బిల్లు మీ దగ్గర లేదా అని.

నిజామాబాద్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఏంటని నవ్విన వాళ్ల పేర్లన్నీ ఇక్కడ రాద్దామనుకున్నాను. పేజీ చాలదు.

జూన్ 22
హైదరాబాద్ నుంచి ఫోన్. నూనెలు, సబ్బులు, బిస్కెట్లు దుకాణాలకు సరఫరా చేసే పెద్ద కంపెనీ. వాళ్ల సరుకు పోయే ప్రతి దుకాణంలో మా సాఫ్ట్‌వేర్ పెడతారట. ఇమ్రాన్ ఫోన్‌కు చెవి ఆనించి వింటున్నాడు, ఊపిరి కూడా తీయడం లేదు. నాకు అన్నం సహించలేదు. సంతోషంతోనే.

జూన్ 30
కంపెనీ సారు వచ్చాడు. టైలర్ షాపు మీద మా గది. మెట్లెక్కి ఆయాసపడ్డాడు.

"టెక్నికల్ ఎవరు చూస్తారమ్మా?"

"నేనే."

"కోడింగ్?"

"అదీ నేనే."

ఇమ్రాన్ వైపు చూశాడు. ఇమ్రాన్ ఫ్యాన్ వైపు చూశాడు.

"మీరు ఆంధ్రా వాళ్లా? మాట అలా ఉంది." బోధన్ వాళ్లం అన్నాను. తాత అటు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి కొన్నప్పటి నుంచీ మా ఇంటికి ఇదే ప్రశ్న.

అన్నీ నచ్చాయి ఆయనకు. ఒక్కటి తీసేయాలి. కొసరు బటన్. "ఊరికే ఇచ్చే సరుక్కి బటనేంటమ్మా? మా ఆడిటర్లు నవ్వుతారు." ఎలాగూ ఇస్తారు సార్, బటన్ ఉంటే ఆ ఇచ్చింది లెక్కలోకి వస్తుంది... నేను సగంలో ఉండగానే ఆయన ఫోన్ చూసుకున్నాడు.

జూలై 2
ఇమ్రాన్: "ఒక్క బటన్ కోసం గింత పెద్ద ఆర్డర్ ఇడిసిపెడ్తవా? దిమాగ్ ఖరాబైందా నీకు?"

నేను: "ఆ దిమాగ్‌తోనే నడుస్తుంది కంపెనీ."

అనకూడని మాట. అన్నాను. నడుం పట్టుకుని మెట్లు దిగిపోయాడు. పిలవాలనిపించింది, పిలవలేదు.

జూలై 5
సారు మధ్యేమార్గం చెప్పాడు. బోధన్ దుకాణాల్లో ఒక్క వారం తీసి చూడండి, ఎవరూ అడగరు. సరే అన్నాను. పంతానికే. ఎవరూ అడగకపోతే నోరు మూసుకుని సంతకం పెడతా.

జూలై 8
అడిగారు. పొద్దున్నుంచి ఫోన్లే. ఎరువుల దుకాణం ఆయన అయితే మిషన్ ఖరాబైందనుకుని రెండుసార్లు ఆపి మళ్లీ పెట్టాడట. ఇమ్రాన్ ముందు ఫోన్ స్పీకర్లో పెట్టాను. కావాలనే. వింటూ టీ తాగాడు.

జూలై 11
లావణ్య ఫోన్. నర్సవ్వ కోడలు. రోజూ గల్లా, స్టాకు లెక్క చూసేది ఆమే.

"అక్కా, చక్కెర తక్కువొస్తుంది. మా అత్త పిడికిలి నిండ ఏస్తది, ఎవలికేసిందో యాదుండదు. మాపటికి నన్నడుగుతది — మీ తల్లిగారింటికి పంపినవా అని."

అసలు బటన్ పుట్టిందే ఇందుకు. మొదట్లో వాళ్ల దుకాణంలో స్టాకు ఎప్పుడూ కలిసేది కాదు. ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుందని నేను తల బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే నర్సవ్వ పిడికిట్లో ఉంది. ఇచ్చేది అత్త, మాట పడేది కోడలు. ఆ సారుకు ఇది ఏ భాషలో చెప్పాలి?

లావణ్య ఫోన్ పెట్టేముందు అంది: "మల్ల పెట్టు అక్కా. నేను చెప్పిననని మా అత్తకు చెప్పకు."

వెంటనే పెట్టేశాను. సారును అడగలేదు. ఇమ్రాన్‌నూ అడగలేదు.

జూలై 12
సారుకు చెప్పేశాను. బటన్‌తో తీసుకుంటే తీసుకోండి, లేకపోతే వద్దు.

"సెంటిమెంటుతో వ్యాపారం నడవదమ్మా."

"సెంటిమెంటు కాదు సార్. కోపం."

ఫోన్ పెట్టేశాను. భయం లేదని రాయబోయి ఆగాను. ఉంది. అయినా తీయను.

జూలై 13
ఎవరు చెప్పారో ఏమో, అమ్మ ఫోన్. "పెద్దోళ్లతో ఎందుకే మనకి?" వాళ్లే మన దగ్గరికి వచ్చారమ్మా అన్నాను.

జూలై 14
ఇమ్రాన్ రాలేదు.

జూలై 15
రాలేదు.

జూలై 17
వచ్చాడు. నడుముకు బెల్టు. "కారు కొందమనుకున్న సునీతా. మిషన్లు డిక్కీల పెట్టుకొని, ఏసీ ఏసుకొని..." అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బెల్టు సర్దుకుని, సరిహద్దు అవతల ధర్మాబాద్ నుంచి ఒకాయన అడుగుతున్నాడన్నాడు, మరాఠీలో బిల్లు వస్తుందా అని. వస్తుందన్నాను. ఇంకా రాదు. వచ్చేట్టు చేస్తాను.

ఆగస్టు 3
హైదరాబాద్ కంపెనీ సొంత మిషన్లు దింపింది. దుకాణదార్లకు ఉచితం. బోధన్ బస్టాండు దగ్గర బ్యానర్ కూడా. మా వాళ్లలో కొందరు ఫోన్ తీయడం మానేశారు. ఎరువుల దుకాణం ఆయన మిషన్‌ను అట్టపెట్టెలో పెట్టి తిరిగి పంపాడు, దుమ్ము కూడా తుడవకుండా.

మరాఠీ బిల్లు వచ్చింది. ధర్మాబాద్‌లో మొదటి దుకాణం. పోయేవాళ్లు పోనీ. నేను టైలర్ షాపు మీదే ఉంటాను, మెట్లు తెలుసు అందరికీ.

ఆగస్టు 10
నర్సవ్వ దుకాణం. గల్లా పక్కన కొత్త మిషన్. తెల్లగా, సన్నగా, మా దానికంటే అందంగా ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి.

"పుక్కట్ల ఇస్తమంటె వద్దంటనా బిడ్డా? గని దీంట్ల కొసరు లేదు. నీకెరికే గద, నీ బటన్ గిండ్ల పెట్టు."

ఎంత తేలిగ్గా అడిగింది. చెవులు కాలిపోయాయి నాకు. ఎవరి ఇంటి గొడవ కోసం అంత పెద్ద ఆర్డర్ కాదనుకున్నానో ఆ ఇల్లే.

"పెట్టను."

"గదేంది?"

"అది నాది నర్సవ్వా. నా మిషన్లనే ఉంటది."

లావణ్య కాంటా మీద చక్కెర పోస్తోంది. తల ఎత్తలేదు. నేను పెట్టకపోతే మాట ఎవరు పడాలో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాల్సిందేమో. ఇప్పటికీ తేలడం లేదు.

"అయితె నీది తీస్కపో. జాగ లేదు."

"ఉండనీ."

"రెండు ఏం జేస్కోను?"

వైరు పీకలేదు. నర్సవ్వ గొణుక్కుంటూ లోపలికి పోయింది.

లావణ్య ఉప్పు ప్యాకెట్లు పక్కకు జరిపి, మా మిషన్‌కు జాగా చేసింది.