ముహూర్తం దాకా

మాఘ శుద్ధ నవమి, ఆదివారం. ప్రొద్దుటూరు

పెట్టె సర్దుతాండా. మస్కట్లో పెళ్ళి, మన బంగారంగడి శెట్టి మనుమరాలిది. పసుపు, కుంకుమ అన్నీ ఆడ ఉండాయంట. దర్భలు యాడ దొరుకుతాయి ఆ ఎడారిలో... ఒక కట్ట పంచెలో చుట్టి పెట్టినా.

శెట్టి పెళ్ళి మా తాత చేయించినాడు. ఆయన కొడుకు పెళ్ళి చిన్నాయన చేయించినాడు. ఆడ ఇంకో అయ్యవారు లేడా అంటే, మీ ఇంటి చేయే పడాల అని ఒకటే పట్టు.

సాయంత్రం జమ్మలమడుగు నుంచి తమ్ముడు రాఘవ ఫోన్. వాళ్ళ నాయనను, అదే చిన్నాయనను, హైదరాబాదు ఆస్పత్రికి తీసకపోతాండారంట. కిడ్నీలు. పోయిన నెల కూడా నా మంత్రంలో తప్పు పట్టినాడే ఆ మనిషి.

దశమి, సోమవారం

మా ఇంటామె కమల తెగేసి చెప్పింది. "ఏం జరిగినా నీకు చెప్పను. రాఘవకూ చెప్పినా. పెళ్ళి అయినాకనే ఫోన్ చేస్తా."

న్యాయమే. చిన్నాయనకు ఏమన్నా అయితే నాకు పది దినాల అంటు, మైల. అంటులో పెళ్ళి చేయించేది లేదు. కానీ కబురు చెవిన పడేదాకా అంటు లేదు. మా ఇండ్లల్లో అందరూ చేసేదే ఇది, పెద్దోళ్ళు చూపించిన దోవే. ఎన్ని ఇండ్లకు నేనే చెప్పినా ఈ ఉపాయం. నా దాకా వచ్చేసరికి, ఫోన్ మోగితే చాలు కమల మొగం చూస్తాండా.

ఏకాదశి, మంగళవారం. హైదరాబాదు ఎయిర్‌పోర్టు

కడప విమానం పొద్దున్నే దించేసింది. మస్కట్‌ది రాత్రికి. దినమంతా ఈడనే. ఉపవాసం కాబట్టి తిండి బాధ లేదు. ఈడ ఇడ్లీ రేటు చూస్తే ఎవురికైనా ఏకాదశే.

చిన్నాయన ఇదే ఊర్లో ఉండాడు. పోను గంటన్నర అంట.

పోవాలా, వద్దా.

పోయినాక నా కండ్ల ముందరే ఏమన్నా అయితే... పెళ్ళి ఆగిపోతాది. ఆ పిల్ల పెళ్ళికూతురై కూర్చోని నా కోసం చూస్తాంటాది. పోకుంటే, ఆయనను మళ్ళ చూసేది ఉందో లేదో. నాయన పోయినాక నాకు నాయన ఆయనే. సంధ్యావందనం నేర్పింది ఆయనే. పులివెందుల బస్సులో నిలబడి కూడా, జనమంతా చూస్తాంటే, నా స్వరం దిద్దినాడు. సిగ్గుతో చచ్చిపోయినా ఆ పొద్దు.

రాఘవకు ఫోన్ చేద్దామని తీసినా. పెట్టేసినా. ఏం వినాల్సి వస్తాదో.

పక్క కుర్చీలో మన ప్రొద్దుటూరామె, మస్తాన్‌బీ. మస్కట్లో ఎవురో ఇంట్లో వంట పని, సెలవయిపోయి నేనెక్కే విమానానికే మళ్ళ పోతాంది. ఏంది సామీ అట్ల ఉండావు అని ఆమెనే పలకరించింది. అంతా చెప్పినా. అంటు సంగతి విని నవ్వలేదు. వాళ్ళమ్మ పోయిన కబురు ఆమె ఆడ వంటింట్లో ఫోన్లో వినిందంట. విని, మొగం కడుక్కొని, మళ్ళ రొట్టెలు కాల్చిందంట.

"నాకైతే రాను చేతగాలేదు సామీ. నువ్వు ఊర్లోనే ఉండి ఈడ కూచున్యావు."

పెట్టె ఆమెకు అప్పజెప్పి లేచినా. దర్భలుండాయి, భద్రం అన్నా.

అదే దినం, తిరిగొస్తా, కారులో

చూసినా.

రాఘవ తలుపుకు అడ్డం నిలబడినాడు. నీకు ఏమీ తెలీగూడదని వదిన చెప్పిందే, నువ్వెందుకొచ్చినావన్నా అంటాడు. తప్పుకోమన్నా. చిన్నాయన మొగమంతా ఉబ్బింది. కండ్లు మూసుకొనే ఉండాడు, నా గొంతు విని తెరిచినాడు.

"ఏం రా, విమానం దాటిపోయిందా?"

లేదు, రాత్రికి అన్నా. ముహూర్తం ఎప్పుడన్నాడు. త్రయోదశి గురువారం పొద్దున, మేషలగ్నం అన్నా. సూది గుచ్చిన చేత్తోనే వేలి కణుపులు లెక్కబెట్టుకున్నాడు. శానాసేపు పట్టింది.

"లగ్నం బాగుంది. నేను అంతదాకా ఉంటాలే. నువ్వు పో."

దండం పెడదామని వంగి, ఆగిపోయినా. పండుకున్నోళ్ళకు దండం పెట్టగూడదు, ఆయన చెప్పిందే. చెయ్యి పట్టుకొని కాసేపు నిలబడి వచ్చేసినా. కారెక్కినాక ఏడ్చినా. డ్రైవరు పాట ఆపేసినాడు, మంచోడు.

ద్వాదశి, బుధవారం. మస్కట్

శెట్టి కొడుకింట్లో పారణ. పప్పు మన ఊరి మాదిరే ఉంది. ఎవురూ ఫోన్ చేయలేదు. మంచికే అనుకోవాల... అనుకుంటాండా.

త్రయోదశి, గురువారం

పెళ్ళి అయింది. జీలకర్ర బెల్లం సరిగ్గా ముహూర్తానికి పెట్టించినా. పిల్ల నవ్వుమొగంతో ఉంది, శెట్టి మాత్రం ఏడ్చినాడు. తాళి కట్టే మంత్రం దగ్గర నా గొంతు తడబడింది. చిన్నాయన పక్కన కూర్చోని ఉంటే మళ్ళ చెప్పు అనేటోడు. మళ్ళ చెప్పినా. ఎవురికీ తెలీలేదు.

భోజనాలైనాక కమల ఫోన్. పెళ్ళి ఎట్ల జరిగిందని అడగలేదు.

"అంతా అయిపోయిందా?"

రేపు సాయంత్రం సత్యనారాయణ వ్రతం ఉంది, అదీ నేనే చేయించాల అన్నా.

"సరే. అయితే రేపు చేస్తా."

పెట్టేసింది. ఇన్నేండ్ల కాపురంలో ఏ మాటకూ ఆమె అంత బిన్నా, తడుముకోకుండా సరే అన్లేదు. తిన్నావా అని కూడా అడగలేదు.

తిరిగి చేద్దామనుకున్నా. చేయలేదు.

చిన్నాయన మాట తప్పే మనిషి కాదు. ముహూర్తం దాకా అన్నాడు, ఉండుంటాడు. వ్రతం సంగతే ఆయనకు చెప్పడం మరిచిపోయినా.

పాత పంచె ఒకటి తీసి స్నానాల గదిలో పెట్టినా. రేపు వ్రతం అయినాక, కబురు విని కట్టుబట్టలతో తలకు పోసుకోవాల్సి వస్తే దానికి. అక్కర లేకుంటే అట్లే మడిచి ఇంటికి తీసకపోతా.