కారు కోసం తీసిన గాజులు

ఏవండీ,

అన్నం, దోసకాయ పప్పు వంటింట్లో మూతపెట్టి ఉన్నాయి. అత్తయ్యగారికి మజ్జిగ మీరే కలిపివ్వండి. సాయంత్రం కారు కొనడానికి బాపట్ల నుంచి పున్నారావు గారొస్తే కాఫీ ఇచ్చి పంపించేయండి. కారు ఇంట్లో లేదు. నేను రేపల్లెలో మా అక్క దగ్గరికి వేసుకెళ్తున్నాను. నడపడం నేర్పింది మీరేగా.

లైట్లు వెలగని పాత కారు మనకెందుకని అమ్మేస్తానన్నారు. తెనాలి మెకానిక్ డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలన్నాడు. దాని కింది సందులో దూరిస్తే మీ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. "నాది సన్న చెయ్యి, నేను చూస్తానండీ" అంటే నవ్వారు. పొద్దున మీరు పొలం వెళ్ళగానే బ్యాటరీ వైరు విప్పేసి, డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని చెయ్యి పైకి దూర్చాను. స్విచ్చి వెనక వైరు ఊడి వేలాడుతోంది. కొస గీకి, మరలో పెట్టి బిగించాను. బ్యాటరీ తగిలించి మీట లాగితే రెండు లైట్లూ వెలిగాయి.

గాజులు తీస్తేగానీ ఆ సందులో చెయ్యి పట్టలేదు. అత్తయ్యగారు చూసి, "నా కొడుకు నిక్షేపంలా ఉండగా ఆ బోడి చెయ్యేంటే!" అని ఒకటే కేకలు. గాజులు దేవుడి గూట్లో ఉన్నాయి. వచ్చాక మీరే తొడగండి.

వెలుగుండగానే రాగలను. అయినా చీకటి పడ్డాకే వస్తాను. కాలవగట్టు వైపు చూస్తూ ఉండండి.

శేషారత్నం

గాజులు ఈ రాత్రికి తొడగొద్దు లెండి. హారనూ మోగట్లేదు, దాని వైరు ఇంకా లోపలికుంది. రేపు దాని పని పట్టాలి.