బావగారి ఫోనుకి ముందొచ్చింది

బావగారికి నమస్కరించి రాస్తున్నది.

అక్కడ మీరు, చెల్లెమ్మగారు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను, నమ్మకండి. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ మంచం దిగడమే కష్టంగా ఉంది. నేను కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళందరి చూపూ సరిచేస్తున్నాను గానీ, నేను చూడాలనుకున్నది మాత్రం నాకు కనబడటం లేదు.

సంగతి మీకు తెలియంది కాదు. పోయినేడు మీ అబ్బాయి, అంటే మా అల్లుడుగారు, మనిద్దరికీ ఒకే రకం ఫోన్లు ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నారు. ఒకటి నలుపు, ఒకటి నీలం కొంటే వియ్యంకుల మధ్య పేచీ వస్తుందని రెండూ బూడిదరంగువే తీసుకున్నారు. అంత ముందుచూపున్న మనిషి కూడా ఇది ఊహించలేదు. మనవరాల్ని చూపించే వీడియో కాల్ యాప్ నా ఫోన్లో ఆగిపోయింది. తెరవగానే "మీ ఫోన్ సాఫ్ట్‌వేర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి" అంటుంది. సరే కదా అని అప్‌డేట్ నొక్కితే "మీ ఫోన్ తాజాగానే ఉంది, కొత్తది త్వరలో వస్తుంది" అంటుంది. ఫోన్లోపల ఇద్దరు గుమాస్తాలు కూర్చుని నన్ను ఈ బల్ల దగ్గర్నుంచి ఆ బల్ల దగ్గరికి తిప్పుతున్నట్టుంది. ఈ "త్వరలో" వినీ వినీ నాకు విసుగు కూడా పోయి ఉత్త దిగులు మిగిలింది.

నిన్న మా అమ్మాయి మాటల మధ్యలో "మామయ్యగారు పాపని రోజూ చూస్తూనే ఉన్నారుగా" అంది. ఎలాగమ్మా అని అడిగితే తడబడి, "ఆయన ఫోనుకి అప్‌డేట్ వచ్చేసింది నాన్నా" అంది. చాలా సంతోషం. ఎంత సంతోషమంటే ఆ పూట భోజనం సహించలేదు.

మీరు ఎక్కడ నొక్కారో, ఏం నొక్కారో వివరంగా రాయండి. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. మీకు ఈమధ్య ఫోన్లో సరిగా వినబడటం లేదని, ఉత్తరమే మంచిదని అమ్మాయి చెప్పింది.

ఇట్లు,
మీ బావ

తా.క. పాప ఏదో మాట మొదలుపెట్టిందట. ఏం మాట? ఎవరిని చూసి? నాకేం పట్టింపు లేదు, ఊరికే అడుగుతున్నాను.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అవును, నాకు ఫోన్లో సరిగా వినబడటం లేదు. కోడలు చెప్పింది నిజమే. కోడలు చెప్పాక నాకూ తెలిసింది.

మీరు కంగారు పడకండి. నేను ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేస్తూ గడిపినవాణ్ణి. జనం కిందనుంచి బటన్ అదేపనిగా నొక్కుతారు. లిఫ్టుకి ఆ సంగతే తెలియదు, దాని మానాన అది వస్తుంది. అప్‌డేట్ కూడా అంతే అనుకోండి. విడతలవారీగా ఇస్తారట, కొందరికి ముందు, కొందరికి వెనక. ఫోన్లో కాస్త చోటు ఖాళీగా ఉంచండి, ఛార్జింగు నిండుగా పెట్టండి, ఆ తర్వాత ఓపిక పట్టడమే.

నేనేం నొక్కానని అడిగారు. నేను నొక్కిందేమీ లేదు. ఒకరోజు పొద్దున్న చూసేసరికి వచ్చి ఉంది. వచ్చినప్పట్నుంచీ నాకు క్షణం తీరిక లేదు, సాయంత్రానికల్లా ఛార్జింగు అయిపోయేది ఫోనుకి కాదు, నాకు.

నా కళ్ళద్దాలు విరిగాయి. పాత ఫ్రేము ఈ పార్శిల్లో పంపుతున్నాను. అదే పవరుతో ఇంకోటి చేసి పంపండి. కాస్త గట్టిది అయితే మంచిది.

ఇట్లు,
మీ బావ

తా.క. పాప "తా" అంది. మొత్తం మాట కాదు లెండి, సగమే. అప్పుడు ఎదురుగా ఉన్నది నేనన్న మాట మాత్రం నిజం.

*

బావగారికి,

నమస్కారాలు ఈసారి కాస్త పొడిగా ఉంటాయి, మన్నించండి.

విడతలవారీగా ఇస్తారన్నారు. ఆ విడతలు ఎవరు పంచారు? అబ్బాయి వైపు వాళ్ళకి మొదటి విడత, అమ్మాయి వైపు వాళ్ళకి మిగిలితే రెండో విడత అని కంపెనీ ఏమైనా నిర్ణయించిందా? పెళ్ళిలో ముందు వరస కుర్చీలన్నీ మీవాళ్ళతో నిండిపోతే నేను స్తంభం పక్కన నిలబడి చూశాను, ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనను. అందుకే రాస్తున్నాను.

చోటు ఖాళీ చెయ్యమన్నారు, చేశాను. ముందు కొత్త ఫ్రేముల ఫోటోలు తీసేశాను. చాలలేదు. పాటలు తీసేశాను. అదీ చాలలేదు. "పాతవన్నీ తొలగించమంటారా" అని ఫోనే ఎంతో మర్యాదగా అడిగింది. సరే అన్నాను. పాప పుట్టిన రోజు ఫోటో, మొదటిసారి నవ్విన వీడియో, మా ఆవిడ ఒళ్ళో నిద్రపోయిన ఫోటో, అన్నీ ఒక్క గుక్కలో పోయాయి. ఇప్పుడు నా ఫోన్లో బోలెడంత చోటుంది, పాపే లేదు. అప్‌డేట్ మాత్రం త్వరలో వస్తుందట.

దుకాణం వెనక గదిలో కూర్చుని ఏడ్చాను బావగారూ. కళ్ళద్దాల దుకాణంలో ఏడవడం కూడా కష్టమే. ఎటు తిరిగినా ఒక అద్దం ఉంటుంది, అందులో నేనే ఉంటాను.

పక్కనున్న ఫోటో స్టూడియో ఆయన జాలిపడి తన ఫోన్ ఇచ్చాడు. అమ్మాయికి వీడియో కాల్ చేశాను. "పాప ఇప్పుడే పడుకుంది నాన్నా" అంది. మర్నాడు చేశాను, పడుకుంది. ఆ తర్వాత పొద్దున్నే చేశాను, అప్పుడూ పడుకునే ఉంది. నేను చేసినప్పుడల్లా నిద్రపోయే పిల్ల మీకు మాత్రం రోజూ మెలకువగా ఎలా దొరుకుతోంది? మా అమ్మాయి కూడా మొదటి విడతలోకి వెళ్ళిపోయిందేమోనని భయంగా ఉంది.

అద్దాలు చేసి పంపుతున్నాను.

ఇట్లు,
రెండో విడత బావ

తా.క. మీ పాత ఫ్రేము చూశాను. కాడ నిండా పంటి గాట్లున్నాయి. ఇంట్లో ఎలుకలుంటే మందు పెట్టించండి. ఎలుకలు లేకపోతే, ఈ వయసులో అద్దాలు కొరికే అలవాటు మానుకోండి, చిగుళ్ళకి మంచిది కాదు.

*

బావగారికి నమస్కారాలు.

నేను ఖాళీ చెయ్యమన్నది ఫోన్లో చోటుని, పాపని కాదు. ఎవరు ఎవరి వైపో కంపెనీకి ఏం తెలుసు? మనిద్దరి ఫోన్ల రంగు కూడా ఒకటేనని మీరే రాశారు. పెళ్ళిలో కుర్చీల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, మావాళ్ళు ముందు కూర్చున్నది గొప్ప కోసం కాదు, ఫ్యాను అక్కడుంది.

మీ ఉత్తరం మీ చెల్లెమ్మకి చదివి వినిపించాను. ఫోటోలు పోయిన దగ్గర ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని నా వైపు చూసిన చూపు నేను మీకు రాయలేను. ముందొచ్చిందని మీరు అనుకుంటున్నంత సుఖం ఇక్కడేమీ లేదు. నిద్ర పోనివ్వదు, కూర్చోనివ్వదు, చేతిలో ఏది ఉంటే అది లాక్కుంటుంది. నడుం పడిపోయింది.

మీ కోపం నామీద కాదు, కంపెనీ మీద చూపించండి. ఒక ఘాటైన ఫిర్యాదు రాసి పడేయండి. జవాబు రాకపోయినా మనసు తేలికపడుతుంది.

పాప ఫోటో ఒకటి కాగితం మీద వేయించి ఇందులో పెట్టాను. దీన్ని ఏ బటన్ నొక్కినా చెరపలేరు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఫోటో ఒక పక్క కత్తిరించినట్టుంటే అనుమానపడకండి. అక్కడ పనికిరాని మనిషి ఒకడు అడ్డం వచ్చాడు, తీసేశాను.

*

బావగారికి నమస్కారాలు.

ఫోటో అందింది. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళకి అక్షరాలకి బదులు దాన్నే చూపిస్తున్నాను. "ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతో బాగుందా" అంటే అందరూ ఏ అద్దంతోనైనా పిల్ల బాగుందంటున్నారు. వ్యాపారం కాస్త దెబ్బతింది.

మీ సలహా ప్రకారం కంపెనీకి రాశాను. ఒక్క ముక్క అబద్ధం రాయలేదు. ఒకే రకం ఫోన్, ఒకే రోజు, ఒకే దుకాణం, మా వియ్యంకుడుగారికి ముందు, నాకు వెనక, ఇదేం న్యాయమని అడిగాను. సాక్ష్యానికి మీ పేరు, చిరునామా ఇచ్చాను. బావగారూ, ఇన్నాళ్ళకి ఒక మనిషి జవాబిచ్చాడు. ఆయన రాసిందిది: "ఈ మోడల్ ఫోనుకి ఆ అప్‌డేట్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇంకా తయారవుతోంది. మీ వియ్యంకుడిగారి ఫోన్లోకి అది ఎలా వచ్చిందో మా ఇంజినీర్లకి అంతుపట్టడం లేదు. దయచేసి ఆ ఫోన్ పరిశీలించే అవకాశం ఇప్పించగలరు."

చదివి లేచి దుకాణం తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఎవరికీ ఇవ్వనిది మీకెలా వచ్చింది? ఎవడైనా దొంగ సరుకు ఎక్కించాడా? మీరు మర్యాదస్తులు, తెలియక చేసి ఉంటారు. కోప్పడటానికి రాయడం లేదు. ఎలా వచ్చిందైనా సరే, అదే నాకూ ఎక్కించండి. రేపు పట్టుకుంటే ఇద్దరం కలిసే లోపలికి పోదాం, వియ్యంకులం, ఎవరు ముందు అనే పేచీ కూడా ఉండదు.

నా బాధ ఒక్కటే. పాప సగం మాట అంది అన్నారు. పిల్లలు సగంలో ఎంతో కాలం ఆగరు. ఆ మాట పూర్తయ్యేలోపు ఒక్కసారి, ఒక్క నిమిషం, నేను దాని ఎదురుగా ఉండాలి. లేకపోతే తాత అంటే మీరొక్కరే అయిపోతారు. నేను ఎప్పుడో ఒకప్పుడు వచ్చి కళ్ళద్దాలు ఇచ్చిపోయే ముసలాయన్ని అవుతాను. ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు, కొత్త ఫోన్ అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

గురువారం కంపెనీ మనిషి మీ ఇంటికి వస్తున్నాడు. దారి చూపడానికి నేనూ వెంట వస్తున్నాను.

ఇట్లు,
మీ బావ

తా.క. మా ఆవిడ నడక, పాప నడక, నా అప్‌డేట్, ఈ మూడింటిలో ఏది ముందని పందెం వేసుకున్నాం. మా ఆవిడ కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. పాప కూడా అడుగులేస్తోందని అమ్మాయి చెప్పింది.

*

బావగారికి,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఆ కంపెనీ మనిషిని ఆపండి.

నా ఫోనుకి ఏ అప్‌డేటూ రాలేదు. నా దాంట్లోనూ మీ గుమాస్తాలిద్దరే ఉన్నారు. మా ఇంటికి వచ్చింది పాప.

మీ అమ్మాయికి ఆఫీసువాళ్ళు దూరంగా శిక్షణ వేశారు. మావాడికి షిఫ్టులు. పాపని ఎక్కడ ఉంచాలన్నప్పుడు మీ అమ్మాయి మొదట అన్నది మీ పేరే. మంచం మీదున్న అమ్మ దగ్గర, రోజంతా దుకాణంలో ఉండే నాన్న దగ్గర ఎలా వదలను అని తనే ఏడ్చి, మా దగ్గర వదిలింది. "నాన్నకి మాత్రం చెప్పకండి మామయ్యగారూ, తెలిస్తే దుకాణం మూసేసి అమ్మని మంచంతో సహా మోయించుకొచ్చేస్తాడు" అని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత ఒకసారి మీ దగ్గర తనే నోరుజారింది. అది కప్పిపుచ్చడానికి నా ఫోనుకి అప్‌డేట్ తెప్పించింది. నా చెవులు దివ్యంగా పనిచేస్తున్నాయి. ఫోన్ ఎత్తితే వెనక పాప గోల మీకు వినబడుతుందని ఎత్తలేదు. మా ఇంట్లో ఎలుకలు కూడా లేవు.

మీకన్నా నాకు ముందొచ్చిందని మీరు కుళ్ళుకుంటుంటే మొదట్లో నాకు సరదాగానే ఉండేది. మీరు ఫోటోలన్నీ పోగొట్టుకుని ఏడ్చానని రాశాక ఆ సరదా పోయింది. అయినా ఒట్టుకి కట్టుబడి నోరు మూసుకున్నాను. మీ చెల్లెమ్మ అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంది.

ఇక మీరు అడిగిన మాట. అది మొన్న పూర్తయింది. నేను పాపని ఎత్తుకున్నప్పుడల్లా నడుం కలుక్కుమని "అబ్బా" అంటాను. అందుకని నాకు ఆ పేరే ఖాయం చేసింది. గది ఆ చివరనుంచి చేతులు చాచి "అబ్బా" అని పిలుస్తుంది. రోజంతా మోసేవాణ్ణి నేను, తినిపించేవాణ్ణి నేను, నా పేరు మాత్రం అది. మరి తాత ఎవరంటారా? మీ అమ్మాయి వెళ్తూ వెళ్తూ, మీ ముఖం పాప మరిచిపోకుండా రోజూ చూపించమని మరీ మరీ చెప్పింది. పాప ఏడ్చినప్పుడల్లా మీ చెల్లెమ్మ నా ఫోన్ తీసి, దుకాణంలో మీరు నవ్వుతూ కూర్చున్న ఫోటో పెట్టి "తాత, తాత" అంటుంది. మొన్న నా జేబులోంచి ఫోన్ లాక్కుని, మీ ముఖం మీద చెయ్యి వేసి, స్పష్టంగా "తాత" అంది. ఎదురుగా నేను నిలబడే ఉన్నాను. కడుపు మండింది, ఏం చెప్పమంటారు.

ఆ తర్వాత ఫోన్ తిప్పి వెనకవైపు చూసింది. మీరు అక్కడ లేరు. మళ్ళీ ముందుకి తిప్పింది, మళ్ళీ వెనక చూసింది. ఆ ఆట ఇప్పటికీ ఆపలేదు. నేను చూడలేకపోతున్నాను బావగారూ. మా ఇంటికీ మీ ఇంటికీ బస్సులో ఒక్క పూట ప్రయాణం, మన ఉత్తరాలకే అంతకన్నా ఎక్కువ పడుతోంది. గురువారం దాకా ఆగకండి. చెల్లెమ్మని కర్రతో సహా తీసుకుని బయల్దేరండి. కోడలికి నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
మీ అబ్బా

తా.క. వచ్చేటప్పుడు మీ ఫోన్ సంచీ అడుగున పెట్టుకోండి. గుమ్మంలో జేబులోంచి తీశారంటే పాప దాన్నే తాత అనుకుని ఎత్తుకుంటుంది, మీరు మళ్ళీ స్తంభం పక్కన నిలబడాలి.