ఇంతకీ ఏ రుస్సో?

హామిల్టన్

కాంతం వదినకు,

ఫోన్లో మాట్లాడుకుంటుంటే మన మొగుళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు, ఉత్తరాలే నయమన్నావుగా, అందుకే రాస్తున్నాను. నువ్వు కాల్గరీ వెళ్ళిపోయాక సాయంత్రం నడకకు తోడు లేక దిగులుపడ్డాను. ఇప్పుడు రుస్సో గారు వస్తున్నారు. మొన్న మోకాలు పట్టేస్తే రుస్సో గారే కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. రుస్సో గారి పెరటి టమాటాలతో పచ్చడి చేశాను.

నీ త్రిపుర

తా.క. నీకోసం దాచిన గోంగూర పచ్చడి రుస్సో గారికి ఇచ్చేశాను. పాడైపోతుందని.

కాల్గరీ

శ్రీమతి బాలత్రిపురసుందరి గారికి,

లక్ష్మీకాంతం నమస్కరించి వ్రాయునది. మీ క్షేమం రుస్సో చూసుకుంటున్నారు కనుక నేను అడగను. ఆ మనిషి ఆడో మగో కూడా చెప్పలేదు. నడకకు వచ్చి, కారు తోలి, టమాటాలు పండించే మనిషికి సొంతింట్లో పనేమీ ఉండదా? నాకు కారు తోలడం రాదు. నీతో నడవడం ఒక్కటే వచ్చు.

ఇట్లు, లక్ష్మీకాంతం

తా.క. గోంగూర తిన్నాక రుస్సో ఏమన్నారో రాయక్కర్లేదు. రాసినా చదవను. రాయి.

హామిల్టన్

వదినా,

నీ 'గారు' చూశాక అన్నం సయించలేదు. రుస్సో ఒక్క మనిషి కాదు. నడకకు వచ్చేది ఎదురింటావిడ, కారు తోలింది మూలింటి పెద్దాయన, టమాటాలు వెనకవీధి వాళ్ళవి. వీళ్ళు ఒకరికొకరు చుట్టాలు కూడా కారు. ఎదురింటావిడను అడిగితే చెప్పింది: "రుస్సో అంటే మా భాషలో ఎరుపు. ఎప్పుడో జుట్టో మొహమో ఎర్రగా ఉన్నవాళ్ళని ఊళ్ళో అలా పిలిచారు. అదే ఇంటిపేరైపోయింది. ఎర్రటివాళ్ళు లేని ఊరేది? అందుకే ఇటలీలో, అందులోనూ దక్షిణాన, ఎటు చూసినా మేమే."

నీ త్రిపుర

తా.క. ఆవిడ తల మాత్రం ముగ్గుబుట్ట.

కాల్గరీ

వదినా,

ఈ ముక్క ముందే చెప్పాల్సింది. కోపం పట్టలేక మా మనవరాలు ఇషిత చేత ఇంగ్లీషులో రాయించి రుస్సోకి ఒక ఉత్తరం పోస్ట్ చేశాను. 'త్రిపుర నా మనిషి, నడకకు ఇంకెవరినైనా వెతుక్కోండి' అని. ఇంటి నంబరు తెలియక రుస్సో అనీ, మీ వీధి పేరూ రాశాను. ఎలాగైనా పోస్టుమాన్‌ని పట్టుకో.

సిగ్గుతో, కాంతం

తా.క. గోంగూరలో నా వాటా కూడా అడిగాను.

హామిల్టన్

వదినా,

పోస్టుమాన్ దొరకలేదు. మొదటి రుస్సో చదివి పక్క రుస్సోకి ఇచ్చింది. అలా వీధంతా తిరిగి, చివరికి అందరూ మా గుమ్మంలో నిలబడ్డారు. ప్రతివాళ్ళూ అది తమకే రాశావనుకుని సారీ చెప్పారు. మర్నాటి నుంచి నాతో నడవడానికి ఒక్కరూ రాలేదు. నీకు అన్యాయం చెయ్యలేరట. ఒక్కదాన్నే నడుస్తుంటే ఏడుపొచ్చింది. నీమీద కోపమూ వచ్చింది. ఆ కోపం చెప్పుకుందామన్నా నువ్వే కావాలి.

నిన్న ఎదురింటావిడ తలుపు తట్టింది. "మా ఆయన పోయాక నాకోసం ఇలా పోట్లాడే మనిషే లేదు. ఆవిణ్ణి నేను చూడాలి" అంది. ఇద్దరికీ టికెట్లు కూడా తీసేసింది. శనివారం వస్తున్నాం.

నీ త్రిపుర

తా.క. నీతో నడవడానికని ఆవిడ కొత్త బూట్లు కొనుక్కుంది. నన్నడిగి నీ ఫొటో తీసుకుని పర్సులో పెట్టుకుంది. పొద్దస్తమానం నీ గురించే అడుగుతోంది. నాకేం నచ్చడం లేదు వదినా. అక్కడ నడిచేటప్పుడు మీ ఇద్దరి మధ్యా నేనుంటాను.