అమ్మ చెవి మిషన్ వాపసు

తమ్ముడూ, నువ్వు లేచేసరికి నేను డ్యూటీకి వెళ్ళిపోయుంటాను. పదకొండింటికి అమ్మ చెవి మిషన్ తీసుకెళ్ళడానికి కొరియర్ అతను వస్తాడు. వాపసు గడువు ఇవాళ్టితో ఆఖరు, మళ్ళీ పడుకోకు. డబ్బా టీవీ పక్కన పెట్టాను, బిల్లు లోపలే ఉంది. అతికించే ముందు ఫోన్లో వీడియో తియ్యి. రసీదు చేతికొచ్చాకే ఓటీపీ చెప్పు.

కారణం అడిగితే మొదటి రోజు నుంచీ పనిచెయ్యలేదని చెప్పు. అదే నిజం. అమ్మ పోయిందని మాత్రం నోరు జారకు. అవసరం తీరిపోయి పంపేస్తున్నామని మెలిక పెడతారు. పాడైన సరుకు వెనక్కి తీసుకోవడం వాళ్ళు మనకి చేసే ఉపకారమేం కాదు, మన హక్కు. బదులు కొత్తది పంపిస్తామంటే వద్దను. ఎవరికి పెడతాం?

నిన్న బీరువా సర్దుతూ నా చెవిలో పెట్టుకుని చూశానురా. కొత్త బ్యాటరీ వేసినా కిక్కురుమనలేదు. నేనేమో అది పెట్టుకున్న ఆ పది రోజులూ "సరిగ్గా పెట్టుకోవు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని అమ్మ మీదే అరిచాను. నేను ముచ్చటపడి తెప్పించానని, నొచ్చుకుంటానని, "బాగానే వినిపిస్తోందే" అంటూ నేనేమన్నా తలూపేది, పిచ్చి తల్లి.

పొయ్యి మీద కూరుంది, వేడి చేసుకుని తిను.

ఇంకోటి. ఆ రోజు అమ్మని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే చెవి దగ్గరికి వంగి, "అరిచానని మనసులో పెట్టుకోకమ్మా" అన్నాను. దానికీ అలాగే తలూపింది.