మీ మూలుగుతున్న మిక్సీ

అక్కా,

మీ ఇంట్లో మూలుగుతున్న ఆ మిక్సీని పారేయకు, మాకు పంపు.

ఉద్యోగం మానేశాక నీ మరిది గోడకేసి చూస్తూ కూర్చునేవారు కదా. ఇప్పుడు ఫ్యాన్ల రెక్కలు తుడిచి, ఫ్రిజ్ వెనక బూజు దులిపి, వాషింగ్ మెషీన్ ఫిల్టరు కడిగి, ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లో అన్నీ నిక్షేపంలా పనిచేస్తున్నాయి. చేతులు ఊరుకోక, నిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని నా కుట్టుమిషను చుట్టూ తిరిగారు. అది తప్ప ఏదైనా విప్పుకోండి అన్నాను. "ఇంకేం మిగిలిందని?" అంటూ మొహం వేలాడేశారు.

మిక్సీ ఈపాటికే బాగైపోయి ఉంటే, ఒక మర వదులు చేసి మరీ పంపు. ఈ మాట ఆయన చెవిన పడనీయకు. మొన్న టేబుల్ ఫ్యాను మర వదులు చేసింది నేనే. సాయంత్రం దాకా ఈల వినబడింది.

నీ చెల్లి