బాణం గుర్తు

నా బంగారు కోడలికి,
అత్తయ్య మనసారా దీవించి రాస్తున్నది.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినట్టే మన ఫొటోలూ వీడియోలూ దాచిన కంప్యూటరు పెట్టెకు ఫ్యాను మార్చాను. ఇప్పుడు బాగానే తిరుగుతోంది. అసలు విషయం ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. ఫ్యాను మాటలతోనే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

అబ్బాయి పోయాక ఆ పెట్టెను ఒక్కసారి కూడా ఆపలేదు. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పితే, “శాలువాలు కప్పడానికి అదేమైనా దేవుడా అమ్మా? ఊపిరాడక చస్తుంది” అనేవాడు. వాడు లేకుండా పోయాక మళ్లీ కప్పాను. కాదనేవాళ్లెవరు? ఆ గుడ్డ పోగులే ఫ్యానుకు చుట్టుకుని, అది గరగరమని ఆగిపోయింది.

“ముందు ప్లగ్గు తీసెయ్యండి అత్తయ్యా” అన్నావు. దేవుణ్ణి తలుచుకున్నా చెయ్యి కదల్లేదు. నువ్వు తొందరపెట్టలేదు. అవతల నువ్వు ముక్కు తుడుచుకున్న చప్పుడు వినబడ్డాకే తీశాను.

కొత్తది బిగించాక పెట్టె ఇంకా కాలిపోతోంటే మళ్లీ నీకే ఫోన్ చేశాను.

“ఫ్యాను మీద బాణం గుర్తు ఎటుంది?”

“లోపలికే పెట్టానమ్మా. చల్లగాలి లోపలికి పోవాలిగా!”

“అయ్యో, తిరగేశారు! లోపలి వేడి బయటికి పోవాలి. ఆయన వింటే ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవారు.”

ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్లకో! నవ్వుతూనే ఏడ్చాం.

తల్లీ, నీకు సంబంధం వచ్చిందని మీ అమ్మ చెప్పి చాలా రోజులైంది. అత్తయ్య ఊ అంటేనే చేసుకుంటానన్నావట. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. రోజూ దేవుడి ముందు కూర్చున్నా నోరు రాలేదు. నువ్వు ఇంకొకరి ఇంటికి వెళితే, వాడి కబుర్లు చెప్పుకోవడానికి నాకు మనిషే ఉండదని భయం. అది నాలోనే పెట్టుకుని నిన్ను మాడ్చాను.

ఫ్యాను తిప్పి బిగించి, పెట్టె చల్లబడ్డాక మీ పెళ్లి వీడియో చూశాను. వాడు నీ చీర కుచ్చిళ్లు తొక్కి ముందుకు తూలాడు. అంతమందిలోనూ సిగ్గుపడకుండా నువ్వే పట్టుకున్నావు. గుర్తుందా? వాణ్ణి చివరిదాకా అలాగే పట్టుకున్నావు. ఇక చాలమ్మా.

ఈ పెట్టెను నువ్వు కొత్త ఇంటికి మోసుకెళ్లక్కర్లేదు. నా దగ్గరే ఉంటుంది, నేను చూసుకుంటాను. వాణ్ణి చూడాలనిపించినప్పుడు రా. అతన్నీ వెంటబెట్టుకుని రా. గుడ్డ తీసి మడత పెట్టేశాను.

మీ అమ్మకు చెప్పు, అత్తయ్య ఊ అందని.

ఎప్పటికీ నీ
అత్తయ్య